కిటికీ పక్క కుర్చీ

మా ఆయన పదకొండు దేశాల్లో జనాన్ని కూర్చోబెడతారు. "మీవారు ఏం చేస్తారండీ" అని ఎవరైనా అడిగితే నేను చెప్పే జవాబు ఇదే. అడిగినవాళ్లు ముందు నవ్వుతారు, తర్వాత అర్థంకాక ఊరుకుంటారు. నేను చెప్పింది ఉన్నమాటే. ఆయన పనిచేసే కంపెనీ కంప్యూటర్లలో నడిచేదేదో తయారుచేసి అమ్ముతుంది. పంతొమ్మిదేళ్లుగా వింటున్నా అదేమిటో నాకు ఒంటబట్టలేదు. ఆ కంపెనీకి పదకొండు దేశాల్లో పదకొండు ఆఫీసులున్నాయి. ఏ ఆఫీసులో ఏ అంతస్తులో ఎన్ని బల్లలు పట్టాలి, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి, ఎవరికి స్తంభం అడ్డొస్తుంది, ఎవరి నెత్తిన ఏసీ గాలి పడుతుంది, ఇదంతా కొలతలతో సహా ప్లాను గీసేది మా ఆయనే. ఆఫీసులో అందరూ "కుర్చీలాయన" అంటారు. ఆ పేరుకి ఆయన ఉడుక్కోరు. ఉడుక్కోవడం ఆయనకు చేతకాదు.

ఆ పదకొండిట్లో ఆయన కళ్లారా చూసినవి రెండే. మిగతా తొమ్మిదీ కాగితం మీద తెలిసినవే. కానీ తెలియడమంటే అట్లా ఇట్లా కాదు. "ఆ ఆఫీసులో మూడో అంతస్తున మరుగుదొడ్డి తలుపు బయటికి తెరుచుకుంటుంది, అక్కడ ఎవరినీ వెయ్యకూడదు" అని అన్నం తింటూ చెబుతారు, సముద్రం అవతల ఉన్న ఊరి గురించి. మా వంటింటి తలుపు బిగుసుకుపోయి మూడేళ్లయింది. దాన్ని రోజుకు నాలుగుసార్లు భుజంతో తోసుకుని నేను వస్తూ పోతూ ఉంటాను. అది మాత్రం ఆయన కంటికి ఆనదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన తిన్నగా రచ్చలోకే వెళ్లిపోయారు.

కంపెనీ వాళ్ల వెబ్‌సైటులో ఒక పేజీ ఉంది, లోకమంతటా ఉన్న తమ ఆఫీసుల్లో బతుకు ఎంత హాయిగా ఉంటుందో చెప్పడానికి. ఒక్కో ఊరికి ఒక్కో ఫొటో. ప్రతి ఫొటోలోనూ నలుగురు మనుషులు కాఫీ కప్పులు పట్టుకుని పళ్లన్నీ కనిపించేలా నవ్వుతుంటారు. ఊరు మారినా నవ్వు మారదు, నేల మీది తివాచీ మారదు, మూలనున్న ప్లాస్టిక్ మొక్క కూడా మారదు. "ఎక్కడ కూర్చున్నా మీరు మీ ఇంట్లో ఉన్నట్టే" అని కింద రాసి ఉంటుంది. ఆ వాక్యం రాసినవాళ్లను ఒకసారి మా ఇంటికి పిలిచి కూర్చోబెట్టాలని నాకు చాలా కోరిక.

మా ఆయనకు ఒక్కతే చెల్లెలు. ఆయనకంటే పదకొండేళ్లు చిన్నది. తల్లి పోయేనాటికి ఆ పిల్లకు తొమ్మిదేళ్లు, ఈయనకు ఇరవై. జడలు వేసింది ఈయన, బడికి దింపింది ఈయన, నర్సింగు కాలేజీ దరఖాస్తు నింపింది ఈయన, చివరికి పెళ్లికొడుకుని చూసిందీ ఈయనే. అందుకే నలభై దాటినా ఆ అమ్మాయి చీర కొనాలన్నా "అన్నయ్య ఏమంటాడో" అంటుంది. పెళ్లయిన కొత్తలో నేను దీనికి కుళ్లుకునేదాన్ని. నిజం చెప్పాలంటే చాలా ఏళ్లే కుళ్లుకున్నాను. కానీ ఆమెను చూస్తే కోపం నిలిచేది కాదు. పెద్దాసుపత్రిలో కిడ్నీలు పాడైనవాళ్లకు రక్తం శుద్ధిచేసే వార్డుకి ఆమె హెడ్ నర్సు. పదమూడేళ్లు కష్టపడి తెచ్చుకున్న స్థానం అది. వారానికి మూడుసార్లు వచ్చే రోగులు ఆమె సెలవు పెడితే సూది వేయించుకోవడానికి కూడా మొరాయించేవారు.

ఆమె భర్త మా ఆయన కంపెనీలోనే, మా ఊరి ఆఫీసులోనే పనిచేసేవారు. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఆయన ఉద్యోగం. వరసకి నాకు అన్నయ్య, అన్నయ్యగారనే పిలుస్తాను. మా ఆయనకి బావ. పద్నాలుగేళ్లపాటు రెండో అంతస్తులో, సరిగ్గా ఏసీ గాలి పడేచోట, తలకు రుమాలు చుట్టుకుని కూర్చున్నారు. చోటు మార్చమని మా ఆయన్ని ఎన్నిసార్లు అడిగారో లెక్కలేదు. ఈయన మార్చలేదు. "సొంతవాళ్లకి చేసుకున్నాడంటారు" అనేవారు. బావగారి ముక్కు పద్నాలుగేళ్లు కారుతూనే ఉంది, ఈయన నిజాయితీ మాత్రం చెక్కు చెదరలేదు.

మూడేళ్ల క్రితం అక్టోబరులో ఒక మంగళవారం మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి అన్నం కెలికి లేచిపోయారు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. ఆ శుక్రవారం ఆడపడుచు ఫోను చేసింది. వాళ్లాయనకి సముద్రం అవతలి ఆఫీసుకి ట్రాన్స్‌ఫర్ ఇస్తామన్నారట, సంసారంతో సహా. వెళ్తారో లేదో రెండు వారాల్లో చెప్పాలట. ఆదివారం భోజనానికి వస్తాం, అన్నయ్యతో మాట్లాడాలి అంది.

భోజనాల దగ్గర అన్నయ్యగారు మొదలుపెట్టారు. "బావా, అక్కడి ఆఫీసు మీరు గీసిందే కదా. ఎలా ఉంటుంది?"

"వెలుతురు బాగుంటుంది. నాలుగు అంతస్తులు. స్తంభాలు గోడవారకి ఉంటాయి, అడ్డురావు. బస్సు దిగితే ఆరు నిమిషాల నడక" అన్నారు మా ఆయన, కంచంలోకి చూస్తూ.

"అది కాదన్నయ్యా" అంది చెల్లెలు. "మేం వెళ్లాలా వద్దా? అక్కడ నన్ను నర్సుగా తీసుకోరట. మళ్లీ పరీక్షలు రాయాలి. ఇక్కడి ఉద్యోగం వదిలేసి వెళ్లాలి. దీని బడి చూస్తే సగం ఏడాది అయిపోయింది." దీని అంటే పన్నెండేళ్ల కూతురు. ఆ పిల్ల ముఖం చూస్తే అప్పటికే విమానం ఎక్కేసినట్టుంది. "నువ్వు వెళ్లమంటే వెళ్తాం, వద్దంటే మానేస్తాం."

ఆయన చాలాసేపు నీళ్లు తాగారు. "మీ ఇష్టం. బాగా ఆలోచించుకోండి" అన్నారు.

వాళ్లు వెళ్లాక గిన్నెలు సర్దుతుంటే ఆయన వంటింట్లోకి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఆయన వంటింట్లోకి రావడమే ఒక వింత.

"సున్నా" అన్నారు.

"ఏమిటి సున్నా?"

"ఆ ఆఫీసుకి ఏప్రిల్ నుంచి కుర్చీలు. మంగళవారం లిస్టు వచ్చింది. మూసేస్తున్నారు."

నేను గిన్నె కింద పెట్టాను. "మరి మూసేసే ఆఫీసుకి మనిషిని ఎందుకు పంపుతున్నారు?"

"పంపేవాళ్లకి తెలీదు. పంపే గది వేరు, మూసే గది వేరు. పైన ఇద్దరికి తెలుసు, నాకు తెలుసు. కుర్చీలు ముందే సర్దాలి కదా, అందుకని నాకు చెప్తారు. ఎవరికీ చెప్పనని సంతకం పెట్టాను." తర్వాత అడిగారు. "చెప్పమంటావా?"

ఇరవై నాలుగేళ్ల కాపురంలో ఆయన నన్ను ఏదైనా అడిగి జవాబు కోసం ఎదురుచూడటం అదే మొదటిసారి. ఆ జవాబు ఇచ్చింది నేను. అది రాయకుండా ఆయన్నొక్కర్నీ ఎత్తిపొడుస్తూ పోతే నాకు పుట్టగతులుండవు.

"వద్దు" అన్నాను. అంతకు రెండేళ్ల ముందు బల్లలు కొనే ఆఫీసరొకాయన లిఫ్టులో స్నేహితుడికి ఇలాంటి మాటే చెవిలో వేశాడు. మర్నాడు మధ్యాహ్నానికి ఆయన కార్డు పెడితే ఆఫీసు తలుపు తెరుచుకోలేదు. మా ఆయనకి యాభై నాలుగేళ్లు. కుర్చీలు గీసే మనిషికి ఆ వయసులో ఇంకెవరు పిలిచి ఉద్యోగమిస్తారు? "ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు" అన్నాను. "అయినా వాళ్లు వెళ్తామని అన్లేదుగా. అమ్మాయికి ఆ వార్డంటే ప్రాణం. పిల్ల బడి ఉంది. వాళ్లే వద్దనుకుంటారు చూడండి. మీరు కొరివితో తల గోక్కోకండి."

ఆ మాట నేను నమ్మే అన్నాను. నమ్మితే నాకు సుఖంగా ఉంటుంది కాబట్టి నమ్మాను.

ఆ కంపెనీలో ఒక పద్ధతుంది. ఎవరినైనా ఇంకో ఊరికి పంపాలంటే, వాళ్లు ఊఁ అనకముందే ఒక కాగితం పంపిస్తారు. అక్కడ మీరు ఏ అంతస్తులో, ఏ సీటులో కూర్చుంటారో, ఆ సీటులోంచి చూస్తే ఏం కనిపిస్తుందో ఫొటోతో సహా అందులో ఉంటుంది. మనిషిని ఊరించే పద్ధతి అది. ఆ కాగితం తయారుచేసేది మా ఆయనే. బుధవారం సాయంత్రం ఆయన బల్ల దగ్గర కూర్చుని నాలుగో అంతస్తు ప్లాను ముందేసుకున్నారు. నేను కాఫీ పెట్టడానికి వెళ్లి చూశాను. మూలగదికి ఆనుకుని, రెండువైపులా కిటికీలున్న చోట అన్నయ్యగారి పేరు రాస్తున్నారు.

"అది ఎవరిది?"

"డైరెక్టరు కోసం ఉంచింది. ఆయన ఇక రాడుగా." తల ఎత్తకుండా అన్నారు. "పద్నాలుగేళ్లు ఏసీ కింద కూర్చోబెట్టాను. ఉన్న నాలుగు నెలలైనా కాస్త గాలీ వెలుతురూ చూడనీ."

"మంచి పని చేశారు" అన్నాను. ఇద్దరికీ మనసు కొంచెం తేలికపడింది. చెప్పవలసినది చెప్పకుండా మింగినవాళ్లం, ఇవ్వక్కర్లేనిది ఇచ్చి చేతులు కడుక్కున్నాం.

శనివారం పొద్దున్నే అన్నయ్యగారు ఆ కాగితం ప్రింటు తీసుకుని మా ఇంటికి వచ్చారు. వెనకే ఆడపడుచు. ఆయన ముఖం వెలిగిపోతోంది. "చూశావా చెల్లెమ్మా, మీ ఆయన పని? ఆదివారమంతా అడిగినా నోరు విప్పలేదు. మౌనం అర్ధాంగీకారం అనుకున్నాను గానీ, ఇది పూర్తి అంగీకారమే. పద్నాలుగేళ్లలో నాకు ఒక్క బల్ల జరపని మనిషి, డైరెక్టరు కుర్చీ తీసి ఇచ్చారు. ఇంతకంటే గట్టిగా వెళ్లమని ఎవరు చెప్తారు?"

"నేనైతే ఇది చూసేదాకా వద్దనే అనుకున్నాను వదినా" అంది ఆడపడుచు. "గురువారమే వద్దని చెప్పేద్దామనుకున్నాం. అన్నయ్య మనసులో మాట ఇదీ అని తెలిశాక ఇక ఆలోచన ఎందుకు?"

మా ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఆ కుర్చీ మరుగుదొడ్డి పక్కన వేసి ఉంటే వాళ్ల సంసారం నిలిచేది. ఆయన జన్మలో ఒకే ఒక్కసారి సొంతవాళ్లకి మేలు చెయ్యబోయారు.

సోమవారం ఆమె రాజీనామా ఉత్తరం రాసుకుని వచ్చింది. అన్నయ్య చూస్తే గానీ ఆమె కాగితం ఎవరికీ ఇవ్వదు, కాలేజీ రోజుల నుంచీ అంతే. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివారు. ఒకచోట కామా పెట్టారు. మళ్లీ మొదటి నుంచి చదివారు.

"రాజీనామా ఎందుకమ్మా? ఒక ఏడాది సెలవు అడుగు."

"అడిగాను. ఆరు నెలలైతే ఇస్తామన్నారు. ఆరు నెలలకి నేనెలాగూ తిరిగి రాను కదా. ఊరికే ఒకళ్ల చోటు పట్టుకుని కూర్చోవడమెందుకు? నా కింద చిన్న నర్సులు ఆ చోటు కోసం ఎదురుచూస్తున్నారు."

"ఆరు నెలలు తీసుకో." ఆయన గొంతు మారింది. "నా మాట విను. తీసుకో. ఎందుకంటే..."

నేను కాఫీ గ్లాసు బల్ల మీద గట్టిగా పెట్టాను. కాఫీ తొణికి ఉత్తరం అంచున పడింది. "అయ్యో, చూసుకోలేదు" అని గుడ్డ తెచ్చి తుడిచాను. తుడుస్తూ ఆయన కళ్లలోకి చూశాను. ఆయన కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు.

"ఎందుకంటే ఏమిటన్నయ్యా?"

"ఏం లేదు. ముందు ముందు ఎలా ఉంటుందో అని."

"నువ్వు గీసిన చోటికే వెళ్తున్నాను, నాకేం భయం?" అని నవ్వి, ఉత్తరం ఇంకో కాగితం మీద శుభ్రంగా రాసుకుని వెళ్లింది.

డిసెంబరులో వెళ్లారు. వెళ్లిన వారానికి మేనకోడలు వీడియోలో ఆ కిటికీ చూపించింది. "చూడు మామయ్యా, నాన్న సీట్లోంచి నీళ్లు కనిపిస్తాయి, పడవలు కూడా." మా ఆయన చూశారు. పడమటి కిటికీకి తెర వేయించుకోమను మీ నాన్నని, మధ్యాహ్నం ఎండ కొడుతుంది అన్నారు. ఆ తర్వాత వాళ్ల ఫోను వచ్చినప్పుడల్లా స్నానానికో, బజారుకో పోయేవారు. నేనే మాట్లాడేదాన్ని. చక్కగా, నోరారా మాట్లాడేదాన్ని. ఆ అమ్మాయి పరీక్షలకి చదువుతున్నానంటే బాగా చదవమన్నాను.

ఏప్రిల్ మొదటి వారంలో ఒకరోజు పదిన్నరకి అందర్నీ క్యాంటీన్‌లోకి రమ్మని మెయిలు వచ్చిందట. చావుకబురు చల్లగా చెప్పడానికి నలభై నిమిషాలు పట్టింది. పదకొండున్నరకల్లా అందరి కార్డులూ వెనక్కి తీసుకున్నారు. ఉద్యోగం లేకపోతే ఆ దేశంలో ఉండటానికి అరవై రోజులే గడువు. ఇక్కడ రెండో అంతస్తులో అన్నయ్యగారి పాత చోట ఇంకెవరో రుమాలు చుట్టుకుని కూర్చుంటున్నారు. ఖాళీ లేదన్నారు.

జూన్‌లో మా ఇంటికే వచ్చారు, ఇల్లు దొరికేదాకా ఉందామని. ఆడపడుచు ఆసుపత్రికి వెళ్లింది. ఆ వార్డుకి హెడ్ నర్సుగా ఇప్పుడు ఉన్నది ఆమె పని నేర్పిన పిల్లే. ఎవరైనా సెలవు పెడితే ఆ రోజుకి రమ్మన్నారు. అందరికీ డ్యూటీలు వేసిన మనిషి, పొద్దున ఆరింటికి ఫోను ముందు కూర్చుని ఎవరికి జ్వరం వచ్చిందా అని ఎదురుచూసేది. మేనకోడలికి అక్కడి చదువూ కాలేదు, ఇక్కడి చదువూ కాలేదు. కింది తరగతిలో కూర్చోమన్నారు. ఆ పిల్ల మాట్లాడటం తగ్గించేసింది.

ఇంత జరిగినా వాళ్లు మా ఆయన్ని ఒక్క మాట అనలేదు. "పాపం, బావ కూడా ఏం కలగన్నారా" అనేవారు అన్నయ్యగారు. మా ఆయన దొంగకు తేలు కుట్టినట్టు తిరిగేవారు. పక్కింటివాళ్ల కంటే ముందు ఆఫీసుకి వెళ్లి, ఆఫీసు ఊడ్చేవాళ్ల తర్వాత వచ్చేవారు.

జూలైలో ఒక మధ్యాహ్నం అన్నయ్యగారు పని అడగడానికి ఇక్కడి ఆఫీసుకి వెళ్లారు. మూడో అంతస్తులో కొత్తగా సర్దిన సీట్ల ప్లాను గోడకి అంటించి ఉంది. మూసేసిన ఆఫీసు కుర్చీలు యాభై రెండు ఓడలో ఇక్కడికి వచ్చాయి, వాటిని ఎక్కడెక్కడ వేశారో అందులో ఉంది. తప్పులు పట్టే మనిషి కదా, పైనుంచి కింది దాకా చదివారు. మా ఆయనకి ప్లాను మొదటిసారి గీసిన తేదీ కింద మూలన రాయడం అలవాటు. తర్వాత ఎన్నిసార్లు దిద్దినా ఆ తేదీ చెరపరు. అక్టోబరు ఇరవై మూడు అని ఉంది. సముద్రం అవతలి కుర్చీలు ఇక్కడికి వస్తాయని, వాళ్లు ఊఁ అనడానికి పది రోజుల ముందే మా ఆయన గీసేశారు.

అన్నయ్యగారు ఆ ప్లానుని ఫొటో తీసుకుని ఇంటికి వచ్చి, ఫోను భార్య చేతిలో పెట్టారు. ఆ రోజు మా ఆయన జ్వరమని ఇంట్లోనే ఉన్నారు. నేను కూరలు తరుగుతున్నాను. ఆమె ఫోను పట్టుకుని వచ్చి అన్నయ్య ఎదురుగా కూర్చుంది.

"ఇది నువ్వు గీసిందేనా అన్నయ్యా?"

"నేనే."

"అప్పటికే తెలుసా?"

"తెలుసు."

"నేను రాజీనామా కాగితం తెచ్చి చూపించినప్పుడు కూడా?"

"అప్పుడు కూడా."

ఆమె అరవలేదు. అరిస్తే బాగుండేది. ఫోను బల్ల మీద పెట్టి, "వదినకి?" అంది.

ఆయన నావైపు తిరగలేదు. "తనకి తెలీదు. ఆఫీసు సంగతులు నేను ఇంట్లో చెప్పను కదా" అన్నారు. ఆయన నోట అబద్ధం వినడం నాకు అదే మొదలు.

అప్పుడైనా నేను నోరు తెరవవలసింది. ఒక్క మాట చాలు. ఆమె లేచి వచ్చి నా భుజం మీద తల పెట్టింది. ఏడుపు అప్పుడొచ్చింది ఆమెకి. "నీకు తెలిసుంటే చెప్పేదానివి వదినా. నువ్వు కడుపులో దాచుకునే మనిషివి కాదు."

"చెప్పేదాన్నమ్మా" అన్నాను.

ఆ వారంలోనే వాళ్లు వేరే ఇల్లు చూసుకుని వెళ్లిపోయారు. ఆమె అన్నయ్యతో మాట్లాడి రెండేళ్లు కావస్తోంది. పేరెత్తితే లేచిపోతుంది. నా దగ్గరికి మాత్రం వారానికోసారి వస్తుంది, ఆయన ఆఫీసుకి వెళ్లిన వేళ చూసుకుని. ఇద్దరం కాఫీ తాగుతాం. వార్డు సంగతులు, పిల్ల సంగతులు చెబుతుంది. వెళ్లేముందు ఎప్పుడూ ఒకే మాట అంటుంది, "అలాంటి మనిషితో ఎలా వేగుతున్నావో వదినా" అని.

"ఏం చెయ్యనమ్మా, అలవాటైపోయింది" అంటాను.